తొమ్మిదో నిమిషం

పోటు ఎవరి కోసమూ ఆగదు.
మధ్యాహ్నం మూడూ ఇరవైకి
పెంపోల్ రేవులో పదకొండో మెట్టు మునుగుతుంది.
ఈ పౌర్ణమి దాటితే
మళ్ళీ అమావాస్యకే అంత నీరు.

అందుకే పొద్దున్నుంచీ
మేస్త్రీ కెర్వెల్లా నోట్లో సిగరెట్టు
వెలిగించకుండానే నలిగిపోతోంది.
పడవ యజమాని మదెక్
మంచు పెట్టెలు అప్పుడే గట్టుమీద దింపించాడు.
బొట్టు బొట్టుగా కారుతోంది మంచు.
అదొక గడియారం.

పడవ పేరు స్తెరెన్. బ్రెతాన్‌లో నక్షత్రమని.
మా ఇంట్లో అమ్మమ్మతోనే పోయిన భాష అది.
చుక్కానిని మోసే ఉక్కు కొమ్ము మీద
అతుకు మాత్రం నాది.

గ్వెనోలా మోకాళ్ళమీద కూచుంది.
అతుకు పొడుగునా ఎర్రరంగు పూసింది.
ఆగింది. తుడిచింది.
పైన తెల్లపొడి చిమ్మితే
పండక్కి సున్నమేసిన గోడలా తేటపడింది ఉక్కు.
ఇక చెయ్యడానికేం లేదు.
పది నిమిషాలు చూస్తూ కూచోడమే
ఆమె ఉద్యోగం.

మూడో నిమిషం. తెలుపు.
"బానే ఉందిగా" అన్నాడు కెర్వెల్లా.
ఐదో నిమిషం. తెలుపు.
"ఐదైనా పదైనా ఉక్కు ఉక్కే గదమ్మా,
సంతకం పెట్టు, సగం ఊరు ఒడ్డునే నిలబడింది."
ఆమె వాచీ వైపు చూసింది, అతని వైపు కాదు.
"పది" అంది.

నాకు తెలుసు.
రాత్రి రెండింటికి, వేళ్ళు కొంకర్లు పోతుంటే,
అతికే ముందు ఉక్కును వెచ్చబెట్టాలని తెలిసీ
వెచ్చబెట్టలేదు నేను.
నలభై నిమిషాలు మిగిల్చాను.
పైకి ఎంత నున్నగా వచ్చిందంటే
పొద్దున్న కెర్వెల్లా నా వీపు తట్టాడు.
ఆ తట్టింది ఇంకా వీపుమీదే ఉంది.

తొమ్మిదో నిమిషంలో
తెలుపులోంచి ఒక ఎర్రచుక్క పైకి తేలింది.
పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి.
సున్నపు గోడ మీద ఎర్రచీమల బారులా
నా తప్పు నడుచుకుంటూ బయటికొచ్చింది.
బొటనవేలి గోరంత పొడుగు. అంతే.

"మరకేమో!"
ఆమె వాదించలేదు.
మొత్తం కడిగి మళ్ళీ మొదట్నుంచి చేసింది.
మళ్ళీ ఎరుపు, మళ్ళీ తెలుపు, మళ్ళీ పది.
అదే చోట, అదే బారు.

ఎవరిదీ అతుకు అని అడగలేదు.
అతుకు నంబరు రాసింది, పగులు కొలత రాసింది,
బడిపిల్ల గుండ్రటి చేతిరాతతో
"చెల్లదు" అని రాసింది.

"నాది" అన్నాను. "వెచ్చబెట్టలేదు."
ఎవరూ అడగలేదు గనక
నా గొంతు నాకే మరీ పెద్దగా వినిపించింది.
ఆమె తలాడించి
కింద ఇంకో వాక్యం రాసుకుంది.

మూడూ ఇరవైకి నీళ్ళొచ్చాయి.
పడవ అడుగు వాసన చూసి వెనక్కి పోయాయి.
జనమూ పోయారు.
మదెక్ ఒక్క మాటా అనకుండా
మంచునంతా పారతో సముద్రంలోకి తోశాడు.
రాతిమీద పార గీసుకునే ఆ చప్పుడు
నిద్రలో కూడా వినబడుతుంది నాకు.

ఆ వారమంతా రొట్టెల కొట్లో
గ్వెనోలా వస్తే మాటలు ఆగిపోయేవి.
నన్ను మాత్రం పలకరించేవాళ్ళు,
"పాపం, రాత్రి పనట కదా" అని.
తిట్టినా బావుండేది.

పగిలిన చోటంతా చెక్కేశాను.
నలభై నిమిషాలు మంట పట్టుకు నిలబడ్డాను.
అంత పొడుగేం కాదు నలభై నిమిషాలు.

అమావాస్య పోటు రోజున
మళ్ళీ ఆ మోకాళ్ళు, ఆ ఎరుపు, ఆ తెలుపు.
తొమ్మిదో నిమిషంలో ఊపిరి బిగబట్టాను.
పదోది కూడా తెల్లగానే గడిచింది.

ఆమె లేవలేదు.
కలం మూత తియ్యలేదు.
ఇంకో నిమిషం అలాగే చూస్తూ కూచుంది.

ఎందుకని అడిగితే,
"నా వాచీ కాస్త ముందు నడుస్తుంది" అంది.